ఎక్కడికని అడగరాని మనిషి

నిన్న పొద్దున నెల్లూరు పోదామని బండి స్టార్టు చేశాను. గేటు దాటానో లేదో, ఎదురింటాయన పళ్ళు తోముకుంటూ "ఎక్కడికన్నా, పొద్దున్నే?" అన్నాడు. పాపం, మంచి మనిషే, ఊరికే పలకరింపుగా అడిగాడు. నేను మాత్రం బండి ఆపి, స్టాండు వేసి, ఇంట్లోకి తిరిగొచ్చి కుర్చీలో కూలబడి చెంబెడు నీళ్ళు తాగాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "ఇదెప్పుడు పట్టుకుంది నీకు? ఇన్నేళ్ళుగా లేని చాదస్తం" అంది. చెప్పాలంటే పెద్ద సరంగు గురించి చెప్పాలి. ఆయన పోయి ఇంకా నెల కాలేదు. పొద్దున్నే అంత ఓపిక నాకు లేదు.

ఓపిక చచ్చిపోయే ఉద్యోగమే చేశాను మరి. ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే, రోడ్డు ఇసుకలో కలిసిపోయే చోట ఒక రేకుల షెడ్డు, దాని ముందు వరండా, వరండాలో ఒక బల్ల. అదే మా ఔట్‌పోస్టు. నేను అక్కడ హోంగార్డుని. వేటకు పోయే ప్రతి బోటు వాళ్ళనీ ఆపి మూడు ప్రశ్నలు అడగడం నా పని. ఎక్కడికి? ఎంతమంది? ఎప్పుడొస్తారు? చెప్పింది రాసుకుని పైవాళ్ళకు వైర్‌లెస్‌లో చెప్పాలి. ఆ తర్వాతే బోటు నీళ్ళలోకి దిగాలి. "సముద్రం అంటే ఏమనుకుంటున్నారు, అది కూడా బోర్డరే, కంచె లేని బోర్డరు" అనేవాడు మా ఇన్‌స్పెక్టరు, టోపీ తీసి తల తుడుచుకుంటూ. నిజమే కావచ్చు. దక్షిణానికి పోతే పక్క రాష్ట్రం నీళ్ళు, తూర్పుకి పోతే పోతే దేశం హద్దు. కాదనను. కానీ పొద్దున్నే వేటకు బయల్దేరిన వాణ్ణి ఎదురుగా నిలబెట్టి ఎక్కడికని అడగమన్నవాడు ఏ ఊళ్ళో పుట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు. మన ఇళ్ళల్లో సంతకు పోయేవాణ్ణి కూడా అలా అడగం.

కుర్రవాళ్ళు పట్టించుకునేవాళ్ళు కాదు. "ఈడికేలే అన్నా, సింగపూరుకి కాదు" అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు. నడివయసు వాళ్ళు మొహం చిట్లించి ఏదో ఒకటి చెప్పి, నాలుగడుగులు వేశాక పక్కకి ఉమ్మేసి పోయేవాళ్ళు. నా మొహం మీద ఉమ్మలేదు, అదే సంతోషం. పెద్ద సరంగుతోనే వచ్చింది చిక్కంతా.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఆ ఊళ్ళో సగం మందికి తెలియదు. బోటు నడిపేవాణ్ణి ఇప్పుడు డ్రైవరు అంటున్నారు గానీ పాతవాళ్ళు సరంగు అంటారు. చిన్నాపెద్దా అందరికీ ఆయన పెద్ద సరంగే. పొట్టి మనిషి. నవ్వితే శబ్దం వచ్చేది కాదు, భుజాలు కదిలేవి. భుజం మీద తువ్వాలు కొసని రెండు వేళ్ళతో పైకెత్తి గాలి ఎటుందో చూసుకునేవాడు. గాలి ఎటుందో మా రేకుల షెడ్డు చప్పుడుకే తెలిసిపోయేది, అయినా చూసుకునేవాడు. మా ఔట్‌పోస్టు నేలంతా ఇసుకే, అయినా లోపలికి వచ్చే ముందు గడప దగ్గర కాళ్ళు దులుపుకునేవాడు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ఆయన దగ్గర ఒకటే మాట. "నీదే నయం అబ్బయా." నాకు జీతం రాలేదన్నా నీదే నయం. ఐసు లారీ వాడు కాలు విరగ్గొట్టుకుని కట్టుతో వస్తే వాడికీ నీదే నయం. "నాదెట్టా నయం పెద్దాయనా, కాలిరిగితే?" అని వాడు ఏడుపు మొహం పెడితే, "కూర్చుంటావు గదా రెండు నెలలు" అన్నాడు.

రూలు వచ్చిన కొత్తలో మొదటిసారి ఆయన్ని ఆపాను. వెనక నలుగురు మనుషులు, తోపుడు బండి మీద వలలు, ఐసు డబ్బా, డీజిలు క్యాను. "ఎక్కడికి పెద్దాయనా?" అన్నాను. ఆయన నావైపు కాసేపు చూశాడు. కోపం లేదు. చిరిగిన వలని చూసినట్టు చూశాడు, ఎక్కణ్ణుంచి కుట్టాలా అని. తర్వాత వెనక్కి తిరిగి ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. ఆ నలుగురూ ఇసుకలో కూర్చుని బీడీలు వెలిగించారు.

చాలాసేపటికి వచ్చాడు. నేను నా డ్యూటీ నేను చెయ్యాలిగదా, మొదటి ప్రశ్నకే జవాబు రాలేదు మరి. "ఎక్కడికి పెద్దాయనా?" అన్నాను మళ్ళీ. మళ్ళీ వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మూడోసారి వచ్చినప్పుడు వరండాలో కింద కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకుని అన్నాడు: "అబ్బయా, నువ్వు అడగతా ఉంటావు, నేను తిరగతా ఉంటా. ఇద్దరం ఈడనే ముసలోళ్ళమై పోతాం. రాసుకో. తూర్పుకి. అయిదుగురం. మాపటికి వస్తాం." రాసుకున్నాను. ఇక బోటు దగ్గరికి పోతాడనుకున్నాను. లేచి మళ్ళీ ఇంటికే పోయాడు. ఇంటికి పోయి, కూర్చుని, నీళ్ళు తాగి, సరుగుడు తోట వెనక నుంచి వేరే దారిన, నా కంటపడకుండా సముద్రానికి వచ్చాడు. అప్పటికి ఎండ చుర్రుమంటోంది.

ఆ రోజు మొదలు రోజూ అదే తంతు. ఔట్‌పోస్టుకు రావడం, చెప్పడం, ఇంటికి పోవడం, కూర్చోవడం, నీళ్ళు తాగడం, సరుగుడు తోట వెనక నుంచి రావడం. ఆయన రోజుకి రెండుసార్లు బయల్దేరేవాడు. అందరి బోట్లూ నీళ్ళలోకి దిగి చుక్కల్లా అయ్యాక ఈయన బోటు దిగేది. అందరూ చేపలు దించుకుని తూకం వేసి, ఐసు లారీ వెళ్ళిపోయాక ఈయన ఒడ్డుకు వచ్చేవాడు. అప్పుడు ఆ చేపల్ని ఎవడు అడుగుతాడు? తోపుడు బండ్ల వాళ్ళు చెప్పిన రేటుకి ఇచ్చేసి, మిగిలింది ఎండబెట్టుకునేవాళ్ళు.

బోటులో మనుషులు ఎన్నాళ్ళని ఓర్చుకుంటారు? వాళ్ళకూ పిల్లలున్నారు. ఒకరోజు ఇద్దరు మా వరండా ముందే ఆయనతో తేల్చుకున్నారు. "మామా, నీ మీద మాకేం లేదు. నువ్వు ఇంటికి పోయి వచ్చేలోపల చేప ఉండదు, లారీ ఉండదు. మేం వేరే బోటుకి పోతాం." ఆయన తల ఊపాడు. "పోండి నాయనా. మీదే నయం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు వెళ్ళాక అడిగేశాను, ఇదంతా ఎందుకు పెద్దాయనా, ఎక్కడికని ఒక మాట అడిగితే బోటు మునిగిపోతుందా అని. ఆయన తువ్వాలు కొస ఎత్తి గాలి చూసుకున్నాడు.

జవాబు తుఫాను రోజు దొరికింది. ఆ రోజు హెచ్చరిక వచ్చి ఒక్క బోటూ దిగలేదు. నాకు అడగడానికి మనిషి లేడు, ఆయనకు పోవడానికి సముద్రం లేదు. టీ తాగుదామని వచ్చి గడప దగ్గర కాళ్ళు దులుపుకుని కూర్చున్నాడు. బయట గాలికి రేకులు లేచిపోయేలా ఉన్నాయి. ఇద్దరం గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం.

"అబ్బయా, నాకేమన్నా నమ్మకాలు ఉండాయనుకుంటుండావా?" అన్నాడు ఉన్నట్టుండి.

"లేకపోతే ఇన్ని తిప్పలెందుకు?"

"నాకు లేవు. మా ఇంటామెకు ఉండాయి." గ్లాసు కింద పెట్టాడు. "నేను సముద్రం మీద ఉంటా. నాకు పనుంటది. వల లాగతా ఉంటే భయం యాడ గుర్తొస్తది? ఆమె పొయ్యి కాడ కూర్చుని సముద్రం హోరు వింటా ఉంటది. నేనొచ్చిందాకా ముద్ద దిగదు. పెళ్ళైన కాడ్నుంచీ అంతే. ఎవరూ ఎదురు అడగలేదంటే ఆ పొద్దుకి కొంచెం కుదురుగా ఉంటది. అంతే అబ్బయా. నేను తిరిగేది సముద్రానికి భయపడి కాదు."

"అయితే ఇంటికెళ్ళాక ఎవరూ అడగలేదని చెప్పొచ్చుగదా. అబద్ధమే అయితే ఏం?"

భుజాలు కదిలాయి. "చెప్పి చూసినా. నా మొహం చూసి కనిపెట్టేసింది. రెండ్రోజులు ఆమె అన్నం తినలా, నేను తినలా. దానికంటే తిరగడమే నయం."

వాళ్ళు చర్చికి పోయే మనుషులు. ఆమె ఆదివారం తప్పేది కాదు. శకునాలు, ఎదుర్లు చూడటం విశ్వాసులు చేసే పని కాదని పాస్టరుగారు ఒకసారి ప్రసంగంలో ఈమె వైపే చూస్తూ చెప్పారట. ఆమె "అవునయ్యా" అని తల ఊపి వచ్చిందట. సోమవారం మళ్ళీ చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడిందట. ఇది చెబుతూ ఆయన ఎంత నవ్వాడో, టీ ఒలికిపోయింది.

ఇలా ఎన్నాళ్ళు సాగేదో గానీ మా ఇన్‌స్పెక్టరుకు తెలిసిపోయింది. రిపోర్టు ఒక టైముకి, బోటు దిగేది ఇంకో టైముకి. ఎవరో చెప్పారు, లేదా బోటులో బిగించిన డబ్బా చెప్పింది. ఆ డబ్బాలో చిన్న లైటు వెలుగుతూ ఉంటుంది, బోటు ఎక్కడుందీ పైవాళ్ళకి తెలుస్తుంది. ఇన్‌స్పెక్టరు వచ్చి వరండాలో నన్నూ ఆయన్నీ పక్కపక్కన నిలబెట్టాడు.

"రిపోర్టు ఇచ్చాక నువ్వు నేరుగా బోటెక్కాలి. మధ్యలో ఎటు పోతున్నావు?"

"ఇంటికి సార్."

"ఎందుకు?"

"నీళ్ళు తాగడానికి సార్."

"నీళ్ళు ఇక్కడ లేవా? మధ్యలో ఎవర్ని కలుస్తున్నావో, ఏం ఎక్కిస్తున్నావో మాకేం తెలుసు?"

పెద్ద సరంగు బుద్ధిగా అడిగాడు: "డబ్బా పెట్టినారు గదా సార్. నేను యాడికి పోతుండానో దానికి తెలుసు. మళ్ళీ నన్ను అడగడం ఎందుకు?"

"డబ్బా చెప్పేది డబ్బాది. నువ్వు చెప్పేది నీది. రిపోర్టు ఇచ్చిన చోటు నుంచే బయల్దేరాలి. ఇంటికి పోయావో, ఆ రిపోర్టు చెల్లదు, బోటు కదలదు. అంతే." తర్వాత నా వంతు. చూస్తూ ఊరుకున్నందుకు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

జీపు వెళ్ళిపోయాక నేను మొహం వేలాడేసుకుని కూర్చుంటే ఆయన నా భుజం తట్టాడు. "నీదే నయం అబ్బయా. తిడితే దులుపుకుంటే పోద్ది." ఆ మాట అని ఒడ్డుకు పోయి, బోటు మీద పట్టా కప్పి తాళ్ళు బిగించాడు. మిగిలిన ఇద్దరు మనుషులూ దూరంగా నిలబడి చూశారు. సాయం పట్టడానికి వాళ్ళకు చేతులు రాలేదు. బోటు అలా ఇసుకలోనే ఉండిపోతే ఆ ఇద్దరూ కూడా పోతారు. మనుషులు పోయాక ఆ వయసులో ఆయన కొత్తగా ఎవర్ని తెచ్చుకుంటాడు? ఇంటామెకు నచ్చజెప్పు, అడిగాక నేరుగా బోటెక్కడానికి ఒప్పించు అన్నాను. "నలభై ఏళ్ళ భయాన్ని ఇన్‌స్పెక్టరు వచ్చి పొమ్మంటే పోతదా?" అన్నాడు. ఆ వారం బోటు కదల్లేదు. ఆయన రోజూ వచ్చి మా బల్ల మీద కూర్చుని మిగతా బోట్లని చూస్తూ ఉండేవాడు. నీదే నయం అనే మాట కూడా మానేశాడు. అది వినకపోతే నాకు ఎంత వెలితిగా ఉందో చెప్పలేను.

తర్వాత ఒక పొద్దున ఆయన వెనక ఆమె వచ్చింది. అంతకుముందు ఆమెని దూరం నుంచి చూడటమే గానీ ఎప్పుడూ మాట్లాడలేదు. సన్నటి మనిషి. ఒక చేతిలో అన్నం క్యారేజీ, ఒక చేతిలో స్టీలు చెంబు, చంకలో చాప, చీపురు. వచ్చీరాగానే మా వరండా అంతా ఊడ్చింది. నా కాళ్ళ దగ్గరికి వచ్చాక "లెయ్యి నాయనా" అంటే లేచాను. మూలన చాప పరిచింది. గోడకి ఉన్న మేకుకి ఆయన తువ్వాలు తగిలించింది. ఆయన్ని చాప మీద కూర్చోబెట్టింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఇప్పుడు అడుగు."

"అక్కా..." అన్నాను.

"అడుగు నాయనా. ఇది మా ఇల్లేలే. ఇంట్లో కూర్చున్న మనిషిని ఏమడిగినా తప్పు లేదు. ఇంకా బయల్దేరలేదు గదా ఆయన."

అడిగాను. ఎక్కడికి? తూర్పుకి. ఎంతమంది? ముగ్గురం. ఎప్పుడొస్తారు? మాపటికి. నేను అడుగుతున్నంతసేపూ ఆమె గోడవైపు మొహం తిప్పుకుని, కొంగుతో చెవులు మూసుకుని కూర్చుంది. అయ్యాక చెంబు అందించింది. ఆయన తాగాడు. లేచి, తువ్వాలు తీసుకుని, క్యారేజీ పట్టుకుని, గడప దాటి నేరుగా బోటు దగ్గరికి పోయాడు. రిపోర్టు ఇచ్చిన చోటు నుంచే బయల్దేరాడు. ఎదురు ఎవరూ అడగలేదు. రూలూ నిలబడింది, ఆమె మాటా నిలబడింది. ఇన్‌స్పెక్టరు తర్వాత చూసి "స్టేషన్లో కాపురం పెట్టారేంది" అని నవ్వాడే గానీ తప్పు పట్టడానికి ఆయనకు ఏమీ దొరకలేదు.

బోటు మళ్ళీ అందరితో పాటు దిగింది. మిగిలిన ఇద్దరూ నిలబడ్డారు, పోయినవాళ్ళలో ఒకడు తిరిగొచ్చాడు. కానీ ఎంత పొద్దున, ఎంత వానలో, ఆమె రావలసిందే. మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాక ఇసుకలో కాలు ఈడ్చుకుంటూ వచ్చేది. రిపోర్టులు ఫోన్లోకి వచ్చేదాకా, ఇంకా చెప్పాలంటే నేను ఆ ఉద్యోగం మానేసేదాకా, మా వరండా మూల వాళ్ళ ఇల్లే. ఆయన బోటెక్కాక ఆమె చాప చుట్టి, కాసేపు ఊపిరి తీసుకుని, సముద్రం వైపు చూడకుండా ఇంటికి పోయేది. ఆ మూడు ప్రశ్నలు పెట్టినవాళ్ళకి ఆమె సంగతి ఎవరూ చెప్పి ఉండరు. నేనూ చెప్పలేదు. హోంగార్డు చెబితే ఎవడు వింటాడు?

ఆయన్ని సముద్రం ఏమీ చెయ్యలేదు. షుగరు పెరిగి, కాలికి పుండు పడి, నెల్లూరు ఆసుపత్రిలో పోయాడు. కబురు తెలిసి నేను వాళ్ళింటికి పోయేసరికి పెట్టెలో పడుకోబెట్టి ఉంచారు, మూత ఇంకా వెయ్యలేదు. తువ్వాలు మడిచి భుజం మీద పెట్టారు. ఆమె పక్కన కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి తల ఊపింది, అంతే. పాస్టరుగారు ప్రార్థన చేశారు, పాట పాడారు. ఆయన బోటులో పనిచేసిన వాళ్ళే, వేరే బోటుకి పోయినవాళ్ళూ ఉన్నవాళ్ళూ కలిసి, మూత సమాధి దగ్గర వేద్దామని పెట్టెని అలాగే ఎత్తి భుజాల మీద పెట్టుకున్నారు. గుమ్మం దాటారు. వాకిట్లో నాలుగడుగులు వేశారు.

"ఎక్కడికి?"

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. గొంతు పెద్దదేం కాదు. అందరం ఆగిపోయాం. పాట ఆగిపోయింది.

"ఎక్కడికి పోతుండావు? ఎంతమంది? ఒక్కడివేనా? ఎప్పుడొస్తావు?"

నేను అడిగే వరసలోనే అడిగింది. చెవులు మూసుకుని కూర్చున్న మనిషికి ఆ వరసంతా కంఠతా వచ్చు. ఇన్నేళ్ళూ ఊళ్ళో ఎవర్నీ అడగనివ్వని మనిషి ఆమె. ఎందుకు అడిగిందో అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎదురు అడిగితే వెనక్కి రావాలి. వచ్చి కూర్చోవాలి. నాకు దుఃఖం ఆగలేదు. మగవాణ్ణని కూడా చూసుకోకుండా అక్కడే ఏడ్చాను.

పెట్టె మోస్తున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక్కి తిరిగారు. గుమ్మం లోపలికి తెచ్చి, నేల మీద దించారు. పాస్టరుగారు చేతిలో బైబిలు మూసుకుని పక్కకి జరిగి, తల వంచుకుని నిలబడ్డారు.

ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన పక్కన కూర్చుంది. వేళ్ళు తడిపి ఆయన పెదాలకి రాసింది, మళ్ళీ తడిపి మళ్ళీ రాసింది. మిగిలిన నీళ్ళు తను తాగింది. ఎవరూ తొందర పెట్టలేదు. చాలాసేపు అలా కూర్చుని, చివరికి ఆయన భుజం మీద తువ్వాలు సర్ది, లేచి, గోడవైపు మొహం తిప్పుకుని కొంగుతో చెవులు మూసుకుంది.

వాళ్ళు మళ్ళీ ఎత్తారు. ఈసారి ఎవరూ అడగలేదు.